గుండు, బద్ద, నూక

కాశీబుగ్గలో మా ఆఫీసుకి బోర్డు లేదు.
కింద జీడిపప్పు గోడౌను, పక్కన పంచర్ల షాపు,
మెట్లెక్కితే రెండు బల్లలు, మూడు లాప్‌టాపులు,
ఒక ఇన్వర్టరు. దానికి మాత్రం పసుపూ బొట్టూ.

బ్యాంకాయన ఫారం తిరగేసి మరగేసి అడిగాడు:
"తయారుచేసే వస్తువేటమ్మా?"
వస్తువు లేదండి.
"మరి అమ్మేదేటి?"
ఒకాయన మర్చిపోకుండా ఉండటాన్ని అమ్ముతాం అన్నాను.
నవ్వేసి, 'ఇతరములు' అన్న గడిలో టిక్కు పెట్టాడు.

ఇతరములం మేం ముగ్గురం.
కూర్మారావు పలాస స్టేషన్లో టీ అమ్మేవాడు,
ఏ బండి ఎంత లేటో వాడికి నోటికి వచ్చు.
ఇప్పుడు పుణేలో ఒక పళ్ళ డాక్టరు రోజంతా
వాడు గీసిన గళ్ళలో నడుస్తుంది.
బ్రిస్బేన్‌లో ఇళ్ళకి రంగులేసే ఆయన
నిద్ర లేచేసరికి, ఇక్కడింకా కోడైనా కూయదు,
ఆయన బిల్లులు, నిచ్చెన రిపేరు,
పెళ్ళిరోజుకి పువ్వులు, అన్నీ వెళ్ళిపోయి ఉంటాయి.
ఏ రంగు పువ్వులో నేనే ఎంచాను.
ఆవిడకి నచ్చాయట.
ఆ ముక్క కూడా ఆయనకొచ్చిన మెయిల్లోనే చదివాను.

మొదలెట్టింది తిత్లీ తర్వాత.
ఒక్క రాత్రికి మా ఎకరంన్నర తోట
వేళ్ళు ఆకాశంలోకి పెట్టి పడుకుంది.
కొత్త మొక్క కాపుకి రావాలంటే నాలుగేళ్ళు,
ఈ పనికి నాలుగు వారాలు చాలనుకున్నాను.
తప్పు లెక్క. మొదటి డబ్బులు ఏడో నెలలో పడ్డాయి,
అందులో సగం నెట్టు రీచార్జికే.

అమ్మ కింద గోడౌన్లోనే పలుకులేరుతుంది.
గుండు ఒక గంపలోకి, బద్ద ఒక గంపలోకి,
నూక చేటలోకి.
పైన నాదీ అదే పని:
ఇప్పుడే చెప్పాల్సినవి, రేపటికి ఆగేవి,
ఎవరూ చదవక్కర్లేనివి.
పలుకులే, ఇద్దరివీ.
ఆమెకి కిలో లెక్క, నాకు గంట లెక్క.
చేతికొచ్చిన గుండు ఆమె నోట్లో వేసుకోకూడదు,
కంటబడ్డ మాట నేను నోట్లోంచి తియ్యకూడదు.

ముప్ఫయ్యేళ్ళు పిక్కలు కొట్టింది.
జీడి రసం ఆమె వేలిముద్రలు తినేసింది.
రేషను డిపోలో మిషను మీద బొటనవేలు పెడితే
మళ్ళీ ప్రయత్నించండి అంటుందది.
చీరకి తుడుచుకుని మళ్ళీ పెడుతుంది.
"నాను నానే కదేటి!" అని మిషనుతో దెబ్బలాడుతుంది.

అలాంటి ఆమె కూతురి దగ్గర
పదకొండు మంది తాళంచెవులు.
నాలుగు అక్షరాలు నొక్కితే పుణే తెరుచుకుంటుంది,
నేనే వాళ్ళనని నమ్మేస్తుంది.
నమస్కారం రాసి, కింద వాళ్ళ పేరు పెడతాను.

పోయిన మంగళవారం కరెంటు పోయి, ఇన్వర్టరు కీచుమంటే
ఢిల్లేశ్వరి కంగారులో ఒక పొరపాటు చేసింది.
డాక్టరు గారి మెయిలు చివర
తన పేరు రాసి పంపేసింది.
నా గుండె మెట్ల మీంచి దొర్లి గోడౌన్లో పడింది.
డాక్టరుకి క్షమాపణ రాశాను,
రెండు గంటల డబ్బు కోసుకోమన్నాను.
కోసుకున్నాడు.

సాయంత్రానికి పేషెంటు జవాబొచ్చింది:
నొప్పి తగ్గింది, రాత్రి నిద్రపట్టింది,
థాంక్యూ ఢిల్లేశ్వరి గారూ.

గారూ అట.
ఆ గుంట దాన్ని ఎన్నిసార్లు తెరిచిందో.
"ఏ గంపలో వెయ్యనక్కా?" అంది చివరికి.

మా నియమం ప్రకారం అది నూక.
పనిలేని మాట, తీసెయ్యాలి.
కిందనుంచి పిక్కలు కాల్చిన వాసన వస్తోంది,
అమ్మ కేకేస్తోంది, "బేగి దిగండే, చీకటడిపోతంది."
కూర్మారావు ఒంగుని ఇన్వర్టరులో నీళ్ళు పోస్తున్నాడు.

ఉండనీ, అన్నాను.
రేపు చూద్దాం.